పాత సంచికల మీద కొత్త పేరు

ఒక పరిశోధన పత్రిక కార్యాలయం. సంపాదకుడు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. గ్రంథాలయంలో పనిచేసే అన్నకూతురు, ఏళ్ల తర్వాత వచ్చిన మనిషి, బల్లకు ఇవతల నిలబడే ఉంది.

"ముందు కూర్చో తల్లీ. వచ్చినప్పట్నుంచీ నిలబడే ఉన్నావు."

"కూర్చుంటాలే బాబాయ్. ముందు ఆ వెతికే చోట 'ఊట' అని కొట్టు."

"కొడితే ఏమొస్తుంది? ఏమీ రాదు."

"రాదని నాకూ తెలుసు. నువ్వు కొట్టు, నీ కళ్లతో చూడు."

"ఇదిగో. 'ఫలితాలు లేవు.' అయిందా? మన పత్రిక పేరు ఇప్పుడు 'భూగర్భజల పరిశోధన'. అలా వెతికితే మొదటి సంచిక నుంచీ మొత్తం వస్తుంది. చూశావా, ఎంత ముచ్చటగా ఉందో! అన్నీ ఒకే పేరుతో, ఒకే వరసలో."

"ముచ్చటగానే ఉంది. ఈ మొదటి సంచిక అచ్చయిన రోజున దాని మీద ఏ పేరుంది?"

"ఏదో ఉంది."

"ఏదో ఏమిటి బాబాయ్?"

"సరే, ఊట. ఊట అనే ఉంది. అయితే ఏమంటావు? ఒకే పత్రికకి రెండు పేర్లు చూపిస్తే చదివేవాళ్లు తికమకపడరూ?"

"తికమకపడుతున్నది ఇప్పుడు. పాత వ్యాసాల ఆధారాల్లో అందరూ 'ఊట, రెండో సంపుటం' అనే రాసుకున్నారు. అది పట్టుకుని మా లైబ్రరీకొస్తారు. ఎక్కడ వెతికినా దొరకదు. ఒకమ్మాయైతే నా ముందే కళ్లనీళ్లు పెట్టుకుంది. లేని పత్రికని ఉన్నట్టు రాశావని వాళ్ల గైడ్ కేకలేశాడట."

"అయ్యో. నాకో ముక్క రాస్తే చెప్పేవాణ్ణిగా."

"ఎంతమందికని చెప్తావు? పేరు మారితే మారనీ, తప్పేముంది? మారినప్పట్నుంచి కొత్త పేరు. అంతకుముందువి ఏ పేరుతో అచ్చయితే ఆ పేరుతోనే ఉండాలి, అప్పటి అట్టతో, అప్పటి సంపాదకులతో. ఫలానా పేరు ఫలానా ఏడు ఇలా మారింది అని ఒక్క పేజీ పెడితే చాలు. ఆఖరికి పత్రికలకిచ్చే గుర్తింపు సంఖ్య కూడా కొత్త పేరుకి ఇచ్చింది తెచ్చి పాతవాటికి అంటించారు. పేరు మారితే సంఖ్యా మారుతుంది బాబాయ్. నీకు తెలియనిదా?"

"సైటు చేసినతను అలా పెట్టేశాడమ్మా. అతనికేం తెలుస్తాయి మన సంగతులు?"

"అతను పెట్టాడా, నువ్వు పెట్టమన్నావా?"

"ఎవరైతేనేం..."

"నీళ్లు నమలకు బాబాయ్."

"నేనే పెట్టమన్నాను. చాలా?"

"మరి అట్టలు? ఏ పాత సంచిక తెరిచినా లోపలి పేజీ నుంచే మొదలవుతోంది."

"అట్టలెవరు చదువుతారు?"

"అట్ట మీద నాన్న పేరుంది."

"కాఫీ తెప్పించనా?"

"వద్దు."

"నీ ఇష్టం."

"'సంపాదకులు' అని నొక్కితే నీ పేరుతో మొదలవుతోంది. పత్రికని నువ్వొక్కడివే పుట్టించినట్టు."

"నిన్ను మీ నాన్నే పంపాడు కదూ?"

"నన్నెవరూ పంపలేదు."

"పంపే ఉంటాడు. తమ్ముడితో మాటల్లేవు, మంచికీ చెడుకీ పిలుపుల్లేవు, పేరు మాత్రం కావాలి! ఎంత బతిమాలాననుకున్నావు? పెద్ద పెద్దవాళ్లు కూర్చున్న సభల్లో 'ఊట' సంపాదకుణ్ణి అంటే నవ్వేవాళ్లమ్మా. పిల్లల కథల పుస్తకమా అనేవాళ్లు. పేరు మారుద్దాం అన్నయ్యా అంటే, 'పేరు మారిస్తే నేనుండను' అన్నాడు. ఉండకు అన్నాను. అంతే. తాళాలు ఈ బల్ల మీదే పెట్టి వెళ్లిపోయాడు. ముక్కు మీదే ఉంటుంది ఆయనకి కోపం."

"నీకు లేదా?"

"నాకూ ఉంది. ఉంది కాబట్టే ఆ పేరు ఎక్కడా కనబడకూడదన్నాను. సరేనా? వెళ్లి చెప్పు మీ నాన్నకి, తమ్ముడు ఇంకా అలాగే ఉన్నాడని."

"చెప్పినా గుర్తుండదు బాబాయ్."

"అంటే?"

"మతిమరుపు జబ్బు. ఏడాది దాటింది."

"ఏడాదా! నాకు ఒక్క మాట... ఒక్క మాటైనా చెప్పాలని..."

"చెప్పొద్దన్నాడు. అప్పటికింకా బాగానే ఉన్నాడు. తమ్ముడికి తెలిస్తే జాలిపడతాడు, అది నేను భరించలేనన్నాడు."

"జాలా? నేనా?"

"విను. ఒకరోజు ఆస్పత్రికి నేను వెళ్లడం కుదర్లేదు, నాన్నని చూసుకునే ఆయా తీసుకెళ్లింది. మీరేం చేసేవారండీ అని డాక్టరమ్మ మాట కలిపిందట. 'ఊట అని పత్రిక నడిపానండీ, బావుల మీద, చెరువుల మీద పరిశోధనలు వేసేవాళ్లం' అన్నాడట. అది చెప్పేటప్పుడు మొహం వెలిగిపోయిందంది ఆయా. డాక్టరమ్మ వెంటనే ఫోన్లో వెతికింది. లేదు. 'వీటి మీద వేరే పత్రిక ఉందండీ, మొదట్నుంచీ అదే ఉంది, దాన్లో మీ పేరెక్కడా లేదు' అంది. ఈ జబ్బులో లేనివి ఉన్నట్టు కల్పించుకుంటారు, ఎదురు చెప్పకండి అని ఆయాకి చెప్పి పంపింది."

"కల్పించుకోవడమా! ప్రూఫులు దిద్ది దిద్ది కళ్లు పాడుచేసుకున్న మనిషి... నువ్వు చెప్పలేదా నిజమని?"

"చెప్పాను. డాక్టరమ్మ నమ్మింది, నొచ్చుకుంది కూడా. నాన్నే నమ్మలేదు. 'నన్ను ఓదార్చడానికి అంటున్నావు, ఉంటే చూపించు' అన్నాడు. ఏం చూపించను? ఇంట్లో ఉన్నవన్నీ గొడవకి ముందే స్కానింగుకని నువ్వే పట్టుకొచ్చావు. ఎక్కడున్నాయవి?"

"అవి... కుట్టు కోసి విడి కాగితాలు చేస్తే తప్ప మెషీన్లో పట్టవమ్మా. కోశాక..."

"కోశాక?"

"పాత కాగితాల్లో కలిసిపోయాయి."

"మా లైబ్రరీలోనూ అంతే. ఆన్‌లైన్‌లో ఉన్నాయిగా, చోటు దండగని తీసేశారు. ఇక ఆయన పక్కనే కూర్చుని ఫోన్లో వెతికాను. ఎప్పుడు వెతికినా లేదనే వచ్చింది. లేదని వచ్చిన ప్రతిసారీ నా మొహంలోకి చూసేవాడు బాబాయ్. నేనేదో దాస్తున్నట్టు. ఆ చూపు తట్టుకోలేకపోయాను."

"ఆగు. ఆగమ్మా, ఏడవకు. అట్టలున్నాయి. కాగితాలు పోయాయి గానీ అట్టల బొమ్మలు నా దగ్గరే ఉన్నాయి. సైటులోంచి తీసెయ్యమన్నానే గానీ, చెరిపెయ్యడానికి చెయ్యి రాలేదు. ఇదిగో, ఇలా రా. ఇది మొదటిది. ఈ బావి గిలక అన్నయ్యే గీశాడు. తాడు తప్పుగా వేశావురా అంటే నా నెత్తి మీద మొట్టాడు."

"రా అన్నావా నాన్నని?"

"అందుకేగా మొట్టింది! ఉండు, ఒక్క నిమిషం ఉండు... హలో, నేనండీ. పాత సంచికలన్నిటికీ 'ఊట' పేరు తిరిగి పెట్టెయ్యండి. ఆఁ, అన్నిటికీ. పాత సంఖ్యే. అట్టలు ఇప్పుడే పంపుతున్నాను. సంపాదకులు అన్నచోట మొదట అన్నయ్య పేరు, కింద నాది. అవునండీ, కిందే. ఈరోజే కావాలి. ఎందుకనేది తర్వాత చెప్తాను. ఉంటాను... సాయంత్రానికల్లా అయిపోతుందట. పద."

"ఎక్కడికి?"

"ఇంటికి! నేనే వచ్చి చూపిస్తాను. నువ్వు చెబితే ఓదార్పు అనుకున్నాడు. నేను చెబితే అనుకోడు. ఎవర్నీ ఓదార్చే రకం కాదు వీడు అని ఆయనకి బాగా తెలుసు. కావలిస్తే ఇంకోసారి మొడతాడు, మొట్టించుకుంటాను... ఏంటమ్మా, ఇంతసేపూ కూర్చోమంటే కూర్చోలేదు, లేవమంటే కూర్చుండిపోయావేం?"

"పోయిన వారం ఒప్పేసుకున్నాడు బాబాయ్."

"ఏం ఒప్పేసుకున్నాడు?"

"'నువ్వన్నది నిజం కాదులే అమ్మా, అలాంటి పత్రికేమీ లేదు, నేనే ఊహించుకున్నాను' అన్నాడు. నాకేం చెప్పాలో తోచలేదు. పోనీ బాబాయ్‌ని పిలిచి అడుగుదామా నాన్నా, అన్నాను. నవ్వాడు. 'పత్రికే లేనప్పుడు, నాతో కలిసి అది నడిపిన తమ్ముడు మాత్రం ఎక్కణ్ణుంచి వస్తాడమ్మా' అన్నాడు."