ఆకు ముట్టని రోజులు

మండికల్ ఊర్లో పట్టుపురుగుల తట్టల పక్కన ఆకు వేయకుండా కూర్చున్న తల్లి, ల్యాప్‌టాప్ ముందేసుకున్న రంజితను అడిగింది.

“ఏం రాస్తాండావే?”

“జనం పెట్టుకున్న గురి యాడిదాకా వచ్చిందో ఏఐకి తెచ్చిచ్చే టూల్ చేసినామమ్మా. దాన్ని ఏఐ ఎట్ల వాడాలో రాస్తాండా.”

“మరి యాడ ఆగిపోతివి?”

“ఒకామె దినామూ నడవాలని గురి పెట్టుకునింది. వారంగా నడిచిన లెక్కేమీ ఎక్కించలేదు. లెక్క ఖాళీ ఉంటే గురి తప్పిందని చెప్పమని ఏఐకి రాసినా. మనసొప్పలేదు.”

“ఈ పురుగులు నిన్నట్నుంచి ఆకు ముట్టలేదు. చచ్చినాయా?”

“లేదు, పొర మార్చే జ్వరంలో ఉండాయి. పొర విడిచేదాకా మేయవు.”

“అది తెలీకనే కదా, పోయినేడు ఆకు కుమ్మరించి, అది కుళ్ళి, తట్టెడు పురుగుల్నీ పోగొట్టినావు.”

రంజిత రాసిన వాక్యం చెరిపేసింది.

“‘ఖాళీ ఉంటే తప్పిందనొద్దు, ఏమయిందని అడుగు.’ సరేనా?”

“అడిగినాక కాచుకోమని గూడా రాయి. పొర విడిచేదానికి టైము పడతాది.”