గట్టెక్కగానే ఊడే చైను

తొంభై ఏడు వేసవిలో ఓ శనివారం సాయంత్రం, అంబాజీపేటలో అబ్రహాము అద్దె సైకిళ్ళ షాపు ముందు నిలబడి, కాబోయే పెళ్ళికొడుకు కనకరాజు మూడో సైకిలు కూడా వద్దనేశాడు, పాపం.

“ఏవండీ, దీనికేం రోగం? కొత్త టైర్లు, కొత్త బ్రేకులు. ఎక్కితే జారిపోతుంది!”

“అదేనండి. మరీ బాగా పోయేలా ఉంది.”

“పోకపోతే సైకిలెందుకండీ కనకరాజుగారూ?”

“అంటే... కాస్త దూరం పోవాలండి. ఆ తరవాత పోకూడదు. అలాంటిదేవన్నా ఉందాండీ?”

“ఇవాళ అందరికీ ఏవొచ్చిందండీ? చెడిపోయే సైకిలే కావాలంటున్నారు!”

“అందరికీ అంటే?”

“ఏవీ లేదండి. ఆ పంపు ఇలా ఇవ్వండి. ఇంతకీ ఎక్కడికీ ప్రయాణం?”

“రేపు గన్నవరం నుంచి బోడసకుర్రు దాకానండి. ఏటిగట్టు మీద.”

“అంత దూరవా! అయితే గట్టిదే తీసుకెళ్ళాలి.”

“వెళ్ళడానిక్కాదండీ, ఆగిపోడానికి.”

“ఉండండుండండి. మీకసలు సైకిలు తొక్కడం వచ్చా?”

“ఆయ్.”

“వచ్చా?”

“ఆయ్... స్టాండేసుంటే తొక్కుతానండి.”

“స్టాండు తీస్తే?”

“పడతానండి.”

“ఓర్నాయనో! గట్టు మీద గేదెలు ఎదురొస్తే ఏం చేస్తారు?”

“బెల్లు కొడతానండి. అదొక్కటీ బాగా వచ్చు.”

“మరెవరు ఒప్పుకోమన్నారండీ మిమ్మల్ని?”

“పెళ్ళిచూపుల్లో పెదబాబుగారండి, పిల్ల తండ్రి. ‘మీకు సైకిలంటే ప్రాణవటగా బాబూ, ఆదివారం ఇద్దరం ఏటిగట్టెక్కుదావా?’ అన్నారు. పెద్దవారు అంత మర్యాదగా అడిగితే కాదనడానికి నోరెలా వస్తుందండీ? ఆయ్ అనేసేను.”

“ప్రాణవని ఆయనకెవరు చెప్పేరు?”

“సంబంధం తెచ్చిన సత్యనారాయణమ్మగారండి. నాతోనేవో, ‘ఆయన సైకిలెక్కితే గాలేనయ్యా. నువ్వూ సైకిలంటే ఇష్టవని చెప్పు, సంబంధం ఖాయం’ అన్నారు.”

“పోనీ, నిజం చెప్పేయండి.”

“అమ్మో! దుర్గాభవాని కాఫీ ఇస్తూ నవ్విందండీ. నాకేసి చూసే నవ్వింది. ఇప్పుడు నేను అబద్ధాలకోరునని తెలిసి ఈ సంబంధం తప్పిపోతే, నేనింకెవర్నీ చేసుకోనండి. ఒట్టు.”

“సర్లెండి, ఏడవకండి. ఇంతకీ మీ ప్లానేవిటి?”

“గట్టు ఎత్తు కదండీ, పైదాకా నడిపించుకునే వెళ్తాం. పైకెక్కగానే నా చైను ఊడాలి. ‘అయ్యయ్యో’ అంటాను. నేను నడుస్తుంటే ఆయన తొక్కుకుంటూ పోతారా? మర్యాదస్తులు. ఆయనా దిగుతారు. ఇక కబుర్లు చెప్పుకుంటూ నడవడవే.”

“బోడసకుర్రు దాకా?”

“దొరికిన చోట బస్సెక్కుతావండి.”

“మళ్ళీ ఆదివారం రమ్మంటే?”

“ఈ లోపల మీరు నేర్పెయ్యరూ?”

“నేర్పుతాను గానీ, రేపటికి నా దగ్గర ఊడే చైను లేదండి.”

“అదేంటండీ! లోపల తుప్పు పట్టిన పచ్చ సైకిలుందిగా? మాటిమాటికీ చైనూడిపోతోందని మీరే తిట్టుకునేవారు. అదివ్వండి చాలు.”

“అది లేదండి.”

“రిపేరు చేసేసేరా?”

“లేదండి. పొద్దున్నే ఒకాయన పట్టుకుపోయేరు.”

“ఆ డొక్కు సైకిలా? ఎవరండీ?”

“చెప్పొద్దన్నారండి.”

“నేనెవరితో అంటానండీ?”

“మీకే మరీ మరీ చెప్పొద్దన్నారు.”

“నాకా? నాకెందుకూ?”

“ఎందుకేవిటండీ! ‘అల్లుడుగారు సైకిలెక్కితే గాలేనటయ్యా, నాకేవో స్టాండు తీస్తే పడిపోడవే. గట్టెక్కగానే చైనూడేది ఒకటి చూసివ్వు’ అన్నారండి, మీ పెదబాబుగారు.”