వీపు మాత్రమే

టీవీలో డిటెక్టివ్ దొంగను తరుముతున్నాడు. కొడుకు తల్లి మొహం చూడలేక టీవీ వైపే చూస్తున్నాడు.

"డిటెక్టివ్ వేషం నాదే అన్నావు కదరా. వీడెవడు?"

"మొహం హీరోదమ్మా. ఆ పరిగెత్తే వీపు నాది. డూప్ అంటారు."

"పక్క వాటాల వాళ్లందరికీ నువ్వే డిటెక్టివని చెప్పానే. వంటలు ముగించుకుని చూడ్డానికొస్తామన్నారు."

"ఎవరికీ చెప్పొద్దన్నాను కదమ్మా."

"సిగ్గుపడుతున్నావనుకున్నాను."

"సిగ్గే."

ఆమె కళ్లజోడు సరిచేసుకుని ముందుకు వంగింది.

"ఆగు. ఇప్పుడు గోడ దూకిన దొంగ కూడా నువ్వే కదూ?"

అతనికి తల కొట్టేసినట్టయింది.

"ఎలా కనిపెట్టావు?"

"పరిగెత్తేటప్పుడు ఎడమ భుజం కిందికి వాలుస్తావు. చిన్నప్పట్నుంచీ అంతేగా. వాళ్లిద్దరూ అలాగే పరిగెత్తుతున్నారు."

"ఇంకో డూప్ ఎందుకు దండగని, చొక్కా మార్పించి రెండు పరుగులూ నాతోనే కానిచ్చేశారు."

"అంటే నిన్ను నువ్వే తరుముకుంటున్నావన్నమాట. మరి ఎప్పుడు దొరుకుతావు?"

"దొరకనమ్మా. పట్టుకునేటప్పుడు ఇద్దరి మొహాలూ కనబడాలి. ఆ సీనుకి నన్ను పిలవలేదు."

తల్లి మెల్లగా లేచింది.

"బాగా పరిగెత్తావురా," అంది, వెళ్లి వీధి తలుపు గడియ పెడుతూ.