మొదటి లోడు

నర్సరీలో మొక్కలకు నీళ్లు పడుతున్న భార్య దగ్గరికి భర్త ఫోను ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమేవ్! కరెంటు ట్రక్కులో చవక రకం వచ్చేసింది! బుక్ చేసేశా!"

"నిజంగానా! అందులో పాటలొస్తాయా?"

"రావు. నువ్వే పాడాలి."

"మరి ఏసీ?"

"అద్దం దించుకోవడమే. అదీ చేత్తో తిప్పాలి."

"అబ్బో, మహారాజ వైభోగం! ఇంతకీ, కొత్త బండిలో మొదటి లోడు ఇదేనని ఓ బాదంమొక్క దాచారు, గుర్తుందా?"

"ఎందుకు లేదు! ధర తగ్గేదాకా ఆగుదామనుకున్న రోజే పక్కన పెట్టా. పద, బయటికి తెద్దాం."

"ఎత్తండి మరి."

"ఇదేంటే, కదలదు! కుండీ పగిలి వేళ్లు నేలలోకి దిగిపోయాయి!"

"తలెత్తి చూడండి. కొమ్మలు గోడ దాటాయి."

"ఓరి నాయనో, అంతకాలం ఆగామా! ఇక మొదటి లోడు పోయినట్టే!"

"పోతే పోనీండి. బండికి నీడ కలిసొచ్చింది!"