ఒక పట్టీ తక్కువ: విల్ఫ్రెడ్ ట్రాంటర్ గారి నలభై ఒక్క ఏళ్లు

ఈ శుక్రవారం మధ్యాహ్నం విల్ఫ్రెడ్ ట్రాంటర్ గారు తమ బల్ల దగ్గర సంచి సర్దుకున్నారు. టీ కప్పు, కళ్లద్దాల పెట్టె, మోకాళ్ల కింద వేసుకునే గోనెపట్టా, తాము స్వయంగా చెక్కుకున్న కొయ్య కొలబద్ద సంచిలో పెట్టుకున్నారు. సుత్తి ఫ్యాక్టరీదని బల్ల మీదే వదిలేశారు. 1933 నవంబరు 6, సోమవారం నాడు కొవెంట్రీలోని మన కార్ల కర్మాగారంలో, కుదుపును అణిచే కమాన్ల విభాగంలో చేరిన ఆయన, నలభై ఒక్క సంవత్సరాల అవిచ్ఛిన్న సేవ అనంతరం పదవీ విరమణ చేశారు.

చేరేనాటికి ఆయన వయస్సు ఇరవై నాలుగు. అంతకుముందు గుర్రపుబళ్లకు కమాన్లు వంచే కొలిమిలో పనిచేసినందువల్ల, ఇనుప పట్టీ ఎంత కాలితే ఎంత వంగుతుందో రంగు చూసి చెప్పగలిగేవారు. యుద్ధకాలంలో కర్మాగారం పైకప్పు సగం కాలిపోయినా, మిగిలిన సగం కింద కూర్చొని అంబులెన్సులకు కమాన్లు చేశారు. లోపల పడుకున్నవారికి కుదుపు తగలకూడదని ఒక్కొక్క కట్టనూ రెండుసార్లు సరిచూసేవారట.

యుద్ధానంతరం మన కార్లన్నిటికీ వెనక ఒకే పొడవాటి ఇరుసు, దాని కింద చెరోవైపు ఇనుప పట్టీలు పేర్చి బిగించిన కమాను కట్ట ఉండేవి. 1961లో కొత్త కారు వచ్చింది. దాని ఇరుసును నడిమికి రెండుగా చేసి, ఏ చక్రానికి ఆ చక్రం లేచి దిగేలా అమర్చి, రెండింటి మీదా ఒకే అడ్డ కమాను వేశారు. బాడీలు మాత్రం రెండు రకాలు: కప్పు బిగించిన కూపే, గుడ్డ టాపు ఉన్న ఓపెన్ కారు. కూపేకి కుదిరిన కమానునే ఓపెన్ కారుకూ బిగించారు. ట్రాంటర్ గారు దాని వెనక మోకాళ్ల మీద కూర్చొని చాలాసేపు చూసి, తనిఖీ ముద్ర వేయకుండా లేచారు. వర్క్స్ మేనేజరు గార్‌సైడ్ గారు వచ్చారు.

"కూపేకి సరిపోయింది దీనికెందుకు సరిపోదయ్యా?"

"కూపేకి నెత్తిన కప్పుంది, వెనకాల అద్దముంది సార్. ఆ బరువుకి తోక అణిగి కూర్చుంటుంది. ఇదేమో మునివేళ్ల మీద నిలబడింది. మలుపులో బెదిరి యాక్సిలరేటరు మీంచి కాలు తీశారా, తోక ఇంకా లేస్తుంది. చక్రం కిందికి మడత పడి బండి బోల్తా కొడుతుంది."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"దీని కమాన్లో ఒక పట్టీ తీసేద్దాం. మెత్తబడి తోక దిగుతుంది."

"తీసి, మళ్లీ పరీక్షలన్నీ మొదటినుంచీనా? కార్ల ప్రదర్శనకి ఐదు వారాలే ఉంది. ముద్ర వెయ్యి."

"నా చేత్తో వెయ్యను సార్."

ఆ సాయంత్రమే ఆయనను సామాన్ల గిడ్డంగికి మార్చారు. ముద్ర ఇంకొకరు వేశారు. మరునాడు ఉదయం కారును పరీక్షకు తీసుకుపోవలసిన డ్రైవరు, ఆయన ప్రాణమిత్రుడు రోలండ్ పీచ్ గారు గిడ్డంగి కిటికీ దగ్గరికి వచ్చారు.

"ఏరా విల్ఫ్, మేకులు లెక్కపెట్టుకుంటున్నావా? నా బండికి ముద్ర వెయ్యనన్నావట. మా ఆవిడ కూడా నాకోసం ఇంత బెంగపడదురా!"

"పక్క సీట్లో ఇసుక బస్తా వేసుకోరా. బరువుంటే తోక దిగుతుంది."

"కొనుక్కున్నవాడు బస్తా పెట్టుకుని తిరుగుతాడా? వాడు ఒంటరిగా నడుపుతాడు. నేనూ ఒంటరిగానే నడపాలి. దానికేగా నాకు జీతం."

"పోనీ, మలుపులో కాలు మాత్రం తియ్యకు."

"బెదిరినవాడు కాలు తియ్యక ఇంకేం చేస్తాడురా? అదే చూసొస్తా. నువ్వు చెప్పింది నిజమైతే వాళ్లకి నేనే చెప్తాలే."

రెండు రోజుల తర్వాత గార్‌సైడ్ గారు టోపీ చేతిలో పట్టుకొని గిడ్డంగికి వచ్చి, "ఎన్ని పట్టీలన్నావయ్యా?" అని అడిగారు. "ఒక్కటే సార్," అన్నారు ట్రాంటర్ గారు. అంతకుమించి ఆయన ఆనాడు గాని, తరువాత గాని, ఎవరినీ ఒక్క మాట అనలేదు. బస్తా తానే ఎత్తి సీట్లో ఎందుకు వేయలేకపోయానా అని ఇంట్లో భార్య ఎడ్నా గారితో మాత్రం చాలాసార్లు అన్నారట.

ఓపెన్ కారుకు ఒక పట్టీ తగ్గింది, ప్రదర్శనకు కూపే ఒక్కటే వెళ్లింది. ట్రాంటర్ గారు తమ బల్లకు తిరిగి వచ్చారు. 1968లో ఇరుసుకు రెండేసి కీళ్లు పెట్టి ఆ ప్రమాదాన్నే తొలగించిన తరువాత కూడా, ప్రతి ఓపెన్ కారు వెనకా గోనెపట్టా పరిచి మోకరిల్లడం ఆయన మానలేదు.

"ట్రాంటర్ గారూ, ప్రార్థన అయిందా?" అని బిగింపు వరుసలోవాళ్లు ఆటపట్టించేవారు.

"అయింది. ఆమెన్ అని, బండి తొయ్యండి!" అనేవారు ఆయన.

ట్రాంటర్ దంపతులు తమ తోటలో ఉల్లికాడలు పెంచుకుంటూ, మోకాళ్ల నొప్పులు లేకుండా, ఏ ప్రయాణానికైనా ఇద్దరూ కలిసే బయలుదేరుతూ, ఆయురారోగ్యాలతో నిండు జీవితం గడపాలని మనసారా కోరుకుంటున్నాము. ఆయన సరిచూసిన కార్లలో పరీక్షకు వెళ్లినవారందరూ సాయంత్రానికి ఇళ్లకు చేరారు. ఆయన ముద్ర వేయని కారులో వెళ్లిన రోలండ్ పీచ్ గారు తిరిగి రాలేదు. అది 1961 సెప్టెంబరు 12, మంగళవారం.