పిచ్చుకవి ఎర్ర చుక్కలు, నాది నల్ల బొమ్మ

హలో… ఆ, నేనేనక్కా. ల్యాబ్‌లోనే.

…మైక్రోస్కోపు గదిలో. అందరూ భోజనాలకి వెళ్ళారు.

తింటాలే! ముందు ఇది విను. మా పిచ్చుక లేదూ… అదే, నా పక్క బల్ల పిల్ల. బతికున్న ఎలుక పేగు గోడలో రోగం తెచ్చే బాక్టీరియాని పట్టేసిందట. లేజరు కింద ఎర్రగా మెరుస్తూ, కదులుతూ… ఆ, వీడియోనే.

అందంగానే ఉంది. ఎవరు కాదన్నారు?

అది కాదక్కా. దీని వెనకాల నేనెన్నాళ్ళు పడ్డాను! ఎలుక ఊపిరి పీలిస్తే చాలు, బొమ్మంతా ఊగిపోయేది. పేగు కదలకుండా గాజు కింద మెత్తగా ఆపడం దానికి నేర్పిందెవరు? నేను! ఇవాళ మా ల్యాబ్ మేడం దాని భుజం తట్టారు. నావైపు చూడనైనా లేదు.

…కుళ్ళే. కుళ్ళుకుంటున్నా. ఒప్పుకున్నాగా?

కానీ అవి బాక్టీరియా కాదక్కా. మేత! ఎలుకల మేతలో ఆకుపొడి ఉంటుంది. లేజరు పడితే అదీ ఎర్రగా మెరుస్తుంది. పిచ్చుక బోల్తా పడింది… ఆ, రేపు అందరి ముందూ చూపిస్తుంది. చూపించనీ.

చెప్పను. నేనెందుకు చెప్పాలి?

ఊరికే అనట్లేదు. దాని ఎలుకల్లోంచే, రోగం ఎక్కించనిదాన్ని ఒకదాన్ని బోనుతో సహా తెచ్చా. మత్తిచ్చి లెన్సు కింద పెట్టా. దీని పేగూ ఎర్రగా మెరిసిందనుకో, పిచ్చుక పని అయిపోయినట్టే.

…నొప్పి తెలీదులే, నిద్రపోతోంది. ఉండు, తెర మీద వస్తోంది.

…

ఆగక్కా, లెన్సు సర్దుతున్నా.

ఏం లేదు. నల్లగా ఉంది.

లేజరు వేశానక్కా! ఇంకొంచెం లోపలికి… ఊహూఁ. ఒక్క చుక్కా లేదు.

ఆగు… బోనులో మేత తెల్లగా ఉందేంటి? ఆకుపొడి లేనిది. ముందే మార్చేసింది, గడుసుది!

అంటేనా… దానివి నిజంగా బాక్టీరియానే.

నవ్వకు!

…ఇంకోటుంది. రేపు మేడం మొదట అడిగేది, రోగం లేని ఎలుకలో చూశావా అని. పిచ్చుక చూడలేదు. నేను చూశాను. ఈ నల్ల బొమ్మ లేకపోతే దాని ఎర్ర చుక్కల్ని ఎవరూ నమ్మరు.

చెరిపేస్తే ఎవరికి తెలుస్తుంది?

…ఏదో ఒకటి తిట్టు.

అయ్యో, పిచ్చుక వచ్చేస్తోంది. అద్దంలోంచి కనిపిస్తోంది… నేను తినలేదని నా డబ్బా కూడా మోసుకొస్తోందక్కా. ఛ! సరిగ్గా కుళ్ళుకోనివ్వదు కూడా.

పెట్టేస్తున్నా… ఏయ్ పిచ్చుకా! ఆ డబ్బా బయటే పెట్టి ఇలా రా. నీకో నల్ల బొమ్మ చూపించాలి.