అంగడి నాడు తీసిన చీటీ

సభకు అధ్యక్షత వహించిన పెద్దలు రామకిషన్‌రావు గారికి, ఈ రోజుతో పదవీ విరమణ చేస్తున్న మా ప్రధానోపాధ్యాయురాలు తారాబాయి మేడం గారికి, తోటి ఉపాధ్యాయులకు, పట్నం నుంచీ చుట్టుపక్కల పల్లెల నుంచీ పనులు మానుకొని వచ్చిన తల్లిదండ్రులకు, ఇంత ఎండలో కూడా చప్పుడు చేయకుండా కూర్చున్న పిల్లలకు నమస్కారాలు. చప్పుడు చేయకుండా అన్నది ముందుజాగ్రత్తగా అన్నానర్రా పిల్లలూ. (నవ్వులు)

తెలుగు సారుకు మైకు దొరికితే వదలడని మేడంకు తెలుసు. అందుకే "సుధాకర్ సారూ, జర జల్ది ముగించుండ్రి, బోథ్ ఊరికి పోయే బస్సు ఎల్లిపోతది, పల్లెల పిల్లలు ఆగమైతరు" అని ఇందాకే నా చెవిలో చెప్పారు. తన వీడ్కోలు సభలో కూడా బస్సు గురించి ఆలోచించే మనిషిని పొగడడానికి నాకు కొత్త మాటలు దొరకలేదు. జరిగిందే చెప్తాను.

మన బడిలో ఆరో తరగతికి రెండు సెక్షన్లు. మేడం రాకముందు పట్నం పిల్లలంతా 'ఏ'లో, పల్లెల పిల్లలంతా 'బి'లో ఉండేవాళ్లు. అది ఎవరూ పెట్టిన రూలు కాదు, అట్లా నడిచిపోయింది. కాగజ్‌నగర్ నుంచి బదిలీపై వచ్చిన ఈమె మొదటి జూన్‌లోనే దాన్ని ఆపేశారు. సోమవారం అంగడికి పల్లెల వాళ్లు ఎలాగూ వస్తారు కనుక అదే రోజు తల్లిదండ్రులందరినీ పిలిచి, 'ఏ', 'బి' అని రాసిన చీటీలు ఒక బకెట్‌లో వేసి, ఎవరి బిడ్డ చీటీ వాళ్లే తీయాలన్నారు. ఆ బకెట్ ఏటా ఎవరింటి నుంచి రావాలి? ఈ చీటీలు వద్దని అందరికన్నా ఎక్కువ లొల్లి చేసినవాళ్లింటి నుంచి! (నవ్వులు) ఒక సంచిలో వంకాయలు, ఇంకో సంచిలో కోడితో వరుసలో నిలబడ్డవాళ్ల వెనక, ఆ కోడి ముక్కు నుంచి చీర కుచ్చిళ్లు కాపాడుకుంటూ మన పట్నం అమ్మలు నిలబడ్డారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మేడంను ఆడిపోసుకున్నవాళ్లకు లెక్కలేదు.

కరోనా దెబ్బకు ప్రైవేటు బడి మూతపడడంతో, బడులు మళ్లీ తెరిచిన యేడు మన అధ్యక్షుల మనవరాలు శ్రేయ ఇక్కడ ఆరులో చేరింది. ఆ యేడు బకెట్ వీరింటిదే. రావు గారూ, మీ అనుమతితోనే చెప్తున్నాను, అటు చూడకండి. చెయ్యి పెట్టి తీశారు, 'బి' వచ్చింది.

"గీ ఒక్కటి వాపస్ ఏస్త మేడం. ఇంకోటి తీస్త."

"చెయ్యి మీదే, బకెట్ మీదే. ఇంక నేనేం జెయ్యాలె పటేలా?" (నవ్వులు, చప్పట్లు)

అట్లా శ్రేయ పక్కన కూర్చున్నది పల్లె నుంచి వచ్చే పత్తి రైతు నాగయ్య బిడ్డ హర్షిణి. దసరా దాటి పత్తి ఏరే రోజులు రాగానే హర్షిణి బడి మానేసింది. లెక్కల్లో తన జోడీ లేదని శ్రేయ ఇంట్లో అన్నం ముట్టకుండా మొండికేసింది. చివరికి రావు గారు జీపేసుకొని నాగయ్య చేనుకే పోయారు.

"నాగయ్యా, బిడ్డను బడికి తోలు. మా పిల్ల నన్ను పరేషాన్ చేస్తున్నది."

"తోలుత పటేలా. మరి పత్తి ఎవరేరాలె? నువ్వేరుతవా?"

వెనక నిలబడ్డ నాగయ్యా, నవ్వింది చాలు, కూర్చో. మర్నాడు రావు గారి కూలీలు నాగయ్య చేనులో ఉన్నారు, హర్షిణి తరగతిలో ఉంది. ఆ పిల్లలిద్దరూ మొన్ననే కలిసి పదో తరగతి పరీక్షలు రాశారు. అంతకుముందు మేము చేలవెంట తిరిగి ఎంత బతిమాలినా కాని పని అది. మేడం ఎవరినీ బతిమాలలేదు, ఇద్దరు పిల్లలను ఒక బెంచీ మీద కూర్చోబెట్టారంతే. ఆమెను చూస్తే నాకు గర్వంగా ఉంటుంది.

ఇప్పుడు అసలు మాట. కొత్తవారు వచ్చేదాకా ఇక్కడ ఇన్‌ఛార్జిని నేనే. మొన్న టీకొట్టు దగ్గర నా చెవిన పడింది. "మేడం పోతున్నది గదా, మళ్ల పట్నపోళ్లు 'ఏ', పల్లెటోళ్లు 'బి'. సుధాకర్ సారు కాదనడు, ఫికర్ లేదు" అంటున్నారు. ఎవరేమడిగినా 'సరే' అంటానని మీరంతా నన్ను 'సరే సారు' అంటారని నాకు తెలుసు. నాకు భయంగానే ఉంది. మేడంను చూసి నోరు మూసుకున్నవాళ్లంతా నన్ను చూస్తే నోరు తెరుస్తారు.

పోయేవాళ్లను 'వెళ్లి రండి' అనడం మన మర్యాద. మేడం, మీరుండబోయే ఆదిలాబాద్ ఇక్కడికి ఎంతో దూరం కాదు, ఎప్పుడైనా రండి. చీటీలు తీసే సోమవారం మాత్రం దయచేసి రాకండి.

మీరొస్తే అందరూ మీ మొహం చూసి వరుసలో నిలబడతారు. మీరు లేనప్పుడు నిలబడాలి. నిలబడితే సాయంత్రం ఫోన్ చేసి చెప్తాను. నిలబడకపోతే ఆ మాట కూడా నేనే చెప్పాలి. మేడంకు ఆ ఫోన్ చేసే గతి నాకు పట్టించకండని అధ్యక్షులతో సహా ఇక్కడున్న ప్రతి ఒక్కరినీ చేతులు జోడించి అడుగుతున్నాను.

ఓపికగా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. సెలవు.